మా బావ కోసం రాసిన డిటెక్టివ్ కథలు

మా బావకు చెవులు ఒక్క రోజుల పోలే. బావ అంటే నా పెనిమిటే. మేనత్త కొడుకు కాబట్టి పెండ్లికి ముందు ఎట్ల పిలిచిన్నో తర్వాత గూడ గట్లనే పిలుస్త. బొగ్గు బాయిల ముప్పై ఏండ్లు డ్రిల్లు మిషను మీద పనిచేసిండు. మొదలు ఫోన్ల మాటలు అందకపోతుండె. తర్వాత వంటింట్ల నుంచి నేను పిలిస్తే పలుకకపోతుండె. రిటైరైన రెండో ఏడు, వెనుక నుంచి లారీ హారన్ కొట్టినా తల తిప్పలే. దవాఖానకు తీస్కపోతే, వయసు, షుగరు, ఏండ్ల తరబడి మోత, మూడూ కలిసినయని డాక్టరు చెప్పిండు. చెవి మిషను ఇచ్చిండ్రు. అది పెట్టుకుంటే గిన్నెల చప్పుడంత తలకాయల పడుతుంది గని మాట తెలుస్తలేదని పదిహేను రోజులకే తీసి అల్మారిల పెట్టిండు.

అప్పటి నుంచి ఆయన ఇంట్ల ఒక్క కాడ కూసున్నది లేదు. గేటు నుంచి వెనుక బట్టలుతికే బండ దాకా, బండ నుంచి మళ్ల గేటు దాకా. టీవీ పెడతడు, పెదవులు చూస్తడు, బంద్ చేస్తడు. పేపరు తీస్తడు, సగం చదివి మడుస్తడు. నేను ప్రైవేటు బడిల ఇరవై రెండేండ్లు తెలుగు చెప్పి అదే ఏడు మానేసిన. పని లేని మనుషులం ఇద్దరం, నాలుగు అర్రల ఇంట్ల ఒకరికొకరం అడ్డం తగులుకుంట తిరిగినం.

ఒకప్పుడు మాకు రేడియో నాటకాల పిచ్చి ఉండె. అందులో డిటెక్టివ్ నాటకాలంటే మరీ. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని ఇద్దరం రేడియో ముందట చాప పరుసుకునేటోళ్లం. ఆయనకు ఆదివారం డ్యూటీ పడితే, నేను ఖాళీ క్యాసెట్ల రికార్డు చేసి పెట్టేదాన్ని. ఆయన వచ్చి స్నానం చేసి వింటుండె. హంతకుడెవలో నాకు ముందే తెలుసు కాబట్టి నాటకం అయ్యేదాకా నేను నోరు తెరవొద్దని ఆయన కట్టడి చేస్తుండె. గట్ల గట్ల ఇరవై ఆరు క్యాసెట్లు పోగైనయి.

పోయిన ఎండకాలం, పెట్టెలు సర్దుకుంట ఆ క్యాసెట్లు బయటికి తీసిండు. టేప్ రికార్డరు ఇంకా నడుస్తుంది, మూత మాత్రం రబ్బరు బ్యాండు వేస్తేనే ఆగుతది. పెట్టుమన్నడు. పెట్టిన. ఆయన పక్కన కూసోని, ప్రతి మాటకు "ఏమంటుండు?" అని అడుగుడు మొదలుపెట్టిండు. నేను చెవి కాడ నోరు పెట్టి ఒర్రి చెప్పుడు. డిటెక్టివ్ ఒకటంటడు, నేను ఒకటి ఒర్రుత, అంతల డిటెక్టివ్ నాలుగు మాటలు దాటిపోతడు. టేపు ఆపి, వెనుకకు తిప్పి, మళ్ల ఒర్రుత. "గొంతు పిసికి చంపిండు, శవాన్ని బాయిల పడేసిండు" అని నేను గట్టిగ చెప్తుంటే ఎదురింటామె చేతిల గరిటె పట్టుకోని ఉరికొచ్చింది. ఆమెకు సంగతి చెప్పి పంపినంక, నాకు గొంతు మండిపోతుంది, ఆయన మళ్ల "ఆమె ఏమన్నది?" అని అడిగిండు.

"నాతోని కాదు బావా. రాసిస్త, చదువుకో" అన్న.

కోపంల అన్న మాట అది. ఆయన నిజమనుకున్నడు. తెల్లారి చౌరస్తాకు పోయి రెండు పొడుగు నోటుబుక్కులు, నాలుగు పెన్నులు తెచ్చి నా ముందట పెట్టిండు.

మొదటి నాటకం రెండు రోజులల్ల దించిన. ఎవలేమన్నరో వరుసగ రాసి ఇచ్చిన. ఆయన అద్దాలు పెట్టుకోని పావుగంటల చదివి పక్కన పెట్టిండు. మళ్ల లేచి గేటు దాకా నడుస్తుండు. ఎట్లున్నదని సైగ చేసి అడిగిన. మాటల పట్టీ లెక్క ఉన్నదన్నడు. ఆ నాటకంల మొదటి నుంచి చివరి దాకా వాన పడుతుండె, అది యాడ పోయిందని అడిగిండు. నిజమే, వాన చప్పుడు నేను విన్న గని రాయాలని తోచలే. మళ్ల రాసిన. వాన పడుతుందని మూడు చోట్ల పెట్టిన. అది చదివి, ఆ వాన రేకుల మీద పడుతుందా, పెంకల మీద పడుతుందా అని అడిగిండు.

పాత టేపు మళ్ల విన్న. ఏ చప్పుడో చెప్పుడు నాతోని కాలే. స్టుడియోల ఎవలో బియ్యం చాటల పోసిన చప్పుడు లెక్క ఉన్నది. రేకులని నేనే ఖాయం చేసిన. రేకులైతే ఆ ఇల్లు పేదోళ్లది కావాలె. పేదోళ్లదైతే అందులో ఇనుప బీరువా ఉండొద్దు. బీరువా లేకుంటే తాళం చెవి సంగతి మార్చాలె. ఒక్క వాన కోసం కథంత కదిలింది. ఆ వారం నాకు అన్నం సయించలే, నిద్ర సరిగ పట్టలే. కూరల ఉప్పు రెండు సార్లు వేసిన. అయినా బడి మానేసినంక అంత పని నా చేతులకు తగిలింది గదే మొదలు.

నాలుగు కథలు అయినంక ఆయనకు ఇంకో పేచీ వచ్చింది. ఆ డిటెక్టివ్ "ఏమండీ, ఎక్కడికి వెళ్లారండీ" అని మాట్లాడితే తనకు నమ్మబుద్ధి అయితలేదన్నడు. రేడియోల వింటే బాగుండె, కండ్లతోని చదువుతుంటే పరాయిగ ఉన్నదట. దాంతోని నేను డిటెక్టివ్‌ను మన దిక్కుకు తెచ్చిన. పట్నం బంగ్లాల బదులు లైన్ క్వార్టర్లు, క్లబ్బు బదులు చాయ్ హోటలు, సముద్రం బదులు గోదావరి. డిటెక్టివ్‌ను రిటైరైన హెడ్ క్లర్కును చేసిన. ఆయన "ఎటు పోయినవే, నిజం చెప్పు" అని అడుగుతడు. అది చదివినప్పుడు మా బావ నవ్విండు. ఆయన నవ్వు విని నాకు ఎన్ని నెలలైందో.

ఇద్దరికీ ఒక ఆట గూడ అలవాటైంది. చివరి రెండు పేజీలు నేను దాచిపెట్టేది. ఆయన హంతకుడెవలో పెన్సిలుతోని అంచుకు రాస్తెనే ఆ పేజీలు చేతికిచ్చేది. మూడుకు రెండు సార్లు తప్పే రాస్తుండె.

ఎనిమిదో క్యాసెట్టు కాడ అసలు సంగతి మొదలైంది. ఆ నాటకంల బజార్ల ఒక వ్యాపారిని చంపుతరు. అనుమానం ఉన్న మనిషి, ఆ టయానికి నేను రైల్ల ఉన్ననని టికెటు చూపెడతడు. ఇక్కడ రైలు బదులు ఏం పెట్టాలెనో నాకు తోచక మా బావను అడిగిన, కాగితం మీద రాసి. ఇప్పుడు మా ముచ్చట్లన్ని గట్లనే. నేను రాసుడు, ఆయన నోటితోని జవాబు చెప్పుడు.

ఆయన వెంటనే చెప్పిండు. ఆ మనిషిని బాయి కార్మికుణ్ని చేయి, ఫస్టు షిఫ్టుల కింద ఉన్ననని చెప్పనియ్యి అన్నడు. బాయిల దిగే ప్రతి మనిషి ముందుగాల ల్యాంపు రూముల తన నంబరు ల్యాంపు తీసుకోవాలె. ల్యాంపు పోయిందంటే మనిషి దిగినట్టే. షిఫ్టు అయినంక ల్యాంపు అప్పజెప్పిండంటే పైకొచ్చినట్టే. ఒకని ల్యాంపును ఆయనతోని జంటగ పనిచేసే జోడీదారు తన దాంతో కలిపి తీసుకోని దిగితే, మనిషి బయట ఉన్నా కాగితం మీద కిందనే ఉంటడు.

గిట్ల చేసేటోళ్లా అని రాసి అడిగిన. ఎప్పుడో ఒకసారి ఎవలో చేసి ఉంటరు అన్నడు. లేచి గేటు దిక్కు పోయిండు.

నాకు ఆ ఉపాయం మస్తుగ నచ్చింది. తెల్లారి పొద్దుగాల వంట తొందరగ చేసి రాసుడుకు కూసున్న. హెడ్ క్లర్కు ఆ కార్మికుణ్ని ఇంట్ల కలుస్తడు. ఆయన అబద్ధం ఎట్ల పట్టుకోవాలె? నాటకంల రైలు టికెటు మీద చిల్లు లేదని పట్టుకుంటడు. ఇక్కడ ల్యాంపు ఏం చెప్పదు. కొంచెం సేపు ఆలోచన చేసి గిట్ల రాసిన: "షిఫ్టు దిగి నేరుగ వచ్చిన అంటున్నవు. బాయి నుంచి వచ్చినోని కండ్లకు ఎంత సబ్బు పెట్టినా బొగ్గు గీత పోదు, కాటుక పెట్టినట్టే ఉంటది. నీ కండ్లు తెల్లగ ఉన్నయేంది?"

అది రాసి మంచిగ పడ్డదని సంబురపడ్డ. రెండోసారి చదువుకుంటే పెన్ను ఆగిపోయింది. ఇది నాకెట్ల తెలుసు అని కాదు, బాయి మనిషి పెండ్లానికి తెల్వదా. గీత లేని కండ్లను నేను ఎప్పుడు చూసిన అన్నది గుర్తుకొచ్చింది.

మా మొదటి కాన్పు. ఏడో నెల. ఆయన ఫస్టు షిఫ్టుకు పోయిన కొద్దిసేపటికే నాకు నొప్పులు మొదలైనయి. అప్పుడు మా పక్క పోర్షన్ల కోస్తా దిక్కు నుంచి వచ్చిన ఒక అక్క కిరాయికుండేది. ఆమె భర్తకు పవర్ ప్లాంటుల ఉద్యోగం. అక్క నన్ను ఆటోల దవాఖానకు తీస్కపోయింది, ఆమె భర్త స్కూటరు మీద బాయి కాడికి పోయి కబురు చెప్పొచ్చిండు. మా బావ రాలే. ఆపరేషను కాగితం మీద సంతకం కావాలని డాక్టరు అన్నప్పుడు అక్క భర్త మళ్ల పోయిండు. ల్యాంపు పోయింది, మనిషి కింద ఉన్నడు, పైకొచ్చినంకనే చెప్తమని అక్కడివాళ్లు అన్నరట. సంతకం అక్కనే పెట్టింది. మగపిల్లగాడు, ఊపిరి లేకుండ పుట్టిండు. నేను గూడ పోతననే అనుకున్నరు. మా బావ షిఫ్టు అయ్యే టయానికి, మూడు దాటినంక వచ్చి మంచం కాడ నిలబడ్డడు. ఇప్పుడే పైకొచ్చిన, ఇప్పుడే తెలిసింది అన్నడు. వంగి నా మొహంల మొహం పెట్టి చూసిండు. ఆ కండ్లకు గీత లేదు. ఎర్రగ ఉన్నయి గని గీత లేదు. స్నానం బాగ చేసిండనుకున్న. అప్పుడు అంతకు మించి ఆలోచించే ఓపిక నాకు లేదు. తర్వాత ముప్పై రెండేండ్లు ఆ సంగతే నా మనసుకు రాలే.

ఆ రోజు పేజీ గక్కడనే ఆపి నోటుబుక్కు మూసిన. మూడు రోజులు ఆయన కథ అడుగుడు, నేను తల నొస్తుందని చెప్పుడు. ఇప్పుడు ఇంట్ల నడిచేది నేను. ఆయన కూసోని నన్ను చూస్తుండె.

నాలుగో రోజు బస్సెక్కి అక్క ఇంటికి పోయిన. వాళ్లు రిటైరైనంక జ్యోతినగర్ పక్కనే ఇల్లు కట్టుకున్నరు. అక్క భర్త పోయి మూడేండ్లైంది. చాయ్ పెట్టుకుంట, ఏమ్మా, ఎండలో పడి వచ్చావేంటని అడిగింది. నేను అటూ ఇటూ తిప్పకుండ నేరుగ అడిగిన. ఆ రోజు దవాఖాన కాడ మా బావను ఏమన్న చూసినవా అక్కా అని.

అక్క స్టవ్ తగ్గించింది. వరండా చివర ఆయన వీపు చూశానని చెప్పింది. సైకిల్ తీసుకుని గేటు బయటికి వెళ్తుంటే పిలిచాననీ, తిరిగి చూడలేదనీ చెప్పింది. ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదని అడిగిన.

"నువ్వప్పుడు మంచంలోంచి లేవలేని మనిషివి, నీకెలా చెప్పను? తర్వాత మీకు పాప పుట్టింది, కాపురం బాగుంది. ఇంకెప్పుడు చెప్పమంటావు?" అన్నది.

ఆమె మీద కోపం రాలే. ఆమె పెట్టిన సంతకంతోనే నేను బతికిన. చాయ్ తాగకుండనే లేచిన. తాగి పొమ్మని ఆమె అంటుంటే మళ్ల కూసోని తాగిన.

ఇంటికి వచ్చినంక ఆయన్ను ఎట్ల అడగాలె? ఒర్రి అడిగితే గల్లీ మొత్తం వింటది. ఎనిమిదో కథ రాసిన కాడికి, కండ్ల మాట కింద ఒక గీత కొట్టి, దాని కింద రాసిన: "బాబు పోయిన రోజు నువ్వు బాయిల దిగలే. ఎక్కడ ఉన్నవు బావా?" నోటుబుక్కు ఆయన కుర్చీ మీద పెట్టి, నేను బట్టలు పిండేటందుకు వెనుకకు పోయిన. పిండిన చొక్కానే మళ్ల పిండుకుంట ఉన్న.

ఆయన జవాబు నోటితోని చెప్పలే. పెన్సిలుతోని రాసిండు. ఆయన రాత పెద్దపెద్దగ ఉంటది, రెండు గీతల జాగ ఒక్క వరుసకు పడుతది.

"మస్టరుల హాజరు పడ్డది. ల్యాంపు తీసుకోకముందే కబురొచ్చింది. నా ల్యాంపు గూడ తీసుకోమని జోడీదారుకు చెప్పి సైకిల్ మీద దవాఖానకు వచ్చిన. వరండాల నర్సు ఎదురొచ్చింది. పిల్లగాడు పోయిండు, తల్లికి రక్తం ఆగుతలేదు, నువ్వు ఆమె భర్తవా అని అడిగింది. కాదన్న. ఎందుకన్ననో నాకిప్పటికీ తెల్వది. బస్సెక్కి మంచిర్యాల పోయిన. టేషన్ల కూసున్న. నువ్వు పోయినవనే అనుకున్న."

చదివినంక నేను ఏడ్వలే. చేతులు తుడుసుకోని, రెండు చీరెలు సంచిల పెట్టుకోని నస్పూర్ పోయిన. మా బిడ్డ అక్కడ ఉంటది, అల్లునికి బాయిలనే నౌకరి. ఏమైందమ్మా అని బిడ్డ అడిగితే, ఏం లేదు, ఊకనే వచ్చిన అని చెప్పిన. ఆ క్వార్టర్ల నేను ఆరు రోజులున్న. చేతికి ఏ పని దొరికితే ఆ పని చేసిన. పప్పుల డబ్బాలన్ని కడిగిన, తలుపుల వెనుక బూజు తీసిన. భర్తను కాదన్నడనే మాట ఒకసారి కోపం తెప్పిస్తది. నువ్వు పోయినవనే అనుకున్న అన్న మాట ఇంకోసారి ఆయన మీద జాలి తెప్పిస్తది. రెండు మాటలు ఒక్క మనిషివే. వాటిని ఒక్క కాడ పెట్టుకునుడు నాకు చేతనైతలే.

ఏడో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన వచ్చిండు. గోదావరి దాటి ఒక్కడే బస్సుల వచ్చుడు, చెవులు పోయినంక గదే మొదటిసారి. కండక్టరు ఏం చెప్తున్నడో తెల్వక రెండు స్టాపుల ముందే దిగి నడిచిండట. చొక్కా తడిసిపోయింది. బిడ్డ నీళ్లిచ్చింది. అల్లుడు సెకండ్ షిఫ్టుకు టిఫిన్ కట్టించుకుంటుండు. నేను వంటింటి గడప మీదనే నిలబడ్డ.

ఆయన గ్లాసు కింద పెట్టి మాట్లాడిండు. చెవులు వినరానోళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెల్వదు. ఆ లైన్ల క్వార్టర్లన్నిటికి వినవడ్డది.

"బిడ్డా, నీకంటె ముందు మాకొక పిల్లగాడు పుట్టిండు. ఆ రోజు నర్సు నువ్వు భర్తవా అని అడిగితే నేను కాదన్న. మీ అమ్మను చావు మీద ఇడిసిపెట్టి పోయిన."

పక్క వాకిట్ల ఊడుస్తున్న చీపురు చప్పుడు ఆగింది. అల్లుడు టిఫిన్ డబ్బా పట్టుకోని నేల దిక్కు చూస్తుండు. బిడ్డ నా దిక్కు చూసింది. నేను ఆయన్ను ఆపాలెనని చెయ్యి లేపిన గని ఆపలే. ఆయన మళ్ల చెప్పిండు, అదే మాట, ఇంకింత పెద్దగ. అందరికి అందిందో లేదోనని అనుమానం వచ్చిందేమో.

నేను పోయి పక్కన కూసున్న. మాఫీ చేసిననని చెప్పలే. అప్పటికి చేయలే గూడ. తినవా అని సైగ చేసి అడిగిన. పొద్దటి నుంచి ఏం తినలేదన్నడు. అన్నం పెట్టిన. సాయంత్రం ఇద్దరం ఒకే బస్సుల తిరిగొచ్చినం. బ్రిడ్జి మీద బస్సు ఆగింది, ముందట ఏదో లారీ చెడిపోయింది. కింద నీళ్లు తక్కువున్నయి. ఆయన కిటికీ దిక్కు నన్ను కూసోబెట్టి తాను అంచుకు కూసున్నడు. బాబు పోయిన రోజు దవాఖాన లోపల నాకు ఏమైందో, పిల్లగాణ్ని ఏ గుడ్డల చుట్టి చూపెట్టిండ్రో, నేను ఎవలికీ చెప్పలే. ఆ బస్సుల గూడ చెప్పలే. ఇంటికి వచ్చినంక రెండు రోజులకు కాగితం మీద రాసిచ్చిన. మూడు పేజీలు. ఆయన చదివి, మడిచి, తన జేబుల పెట్టుకున్నడు. ఎక్కడ దాసిండో నేను అడుగలే.

అది అయినంక మా ఇంట్ల అంత సల్లబడ్డదని చెప్పలేను. కొన్ని దినాలు ఆయన మొహం చూస్తే నాకు వరండా గుర్తొస్తది, నేను చూడని వరండా. అప్పుడు లేచి పోయి మొక్కలకు నీళ్లు పెడత. ఆయనకు గూడ తెలుస్తది, వెంట రాడు.

ఎనిమిదో కథను వదిలేద్దామనుకున్న. ఆయన వద్దన్నడు, పూర్తి చేయమన్నడు. పోయిన వారం చేసిన. కండ్ల మాట అట్లనే ఉంచిన. హెడ్ క్లర్కు అడిగితే కార్మికుడు అబద్ధం ఒప్పుకుంటడు, పోలీసులు వస్తరు, నాటకంల ఉన్నట్టే అయిపోతది. చివరి పేజీలు దాచకుండ మొత్తం ఒక్కసారే చేతికిచ్చిన. ఆయన గడప మీద కూసోని చదివిండు. అంచుకు ఏం రాయలే. అయిపోయినంక మళ్ల మొదటికి తిప్పి ఇంకోసారి చదివిండు.

"గీ కార్మికుని పెండ్లాం ఏమన్నది?" అని అడిగిండు.

నాటకంల ఆమెకు మాటలు లేవని రాసి చూపెట్టిన. వెనుక తలుపు తీసిన చప్పుడు ఒకటి వస్తది, గంతే.

"గట్లెట్ల? ఆమెతోని మాట్లాడిపియ్యి" అన్నడు.

మళ్ల మొదటి నుంచి రాస్తున్న. ఆమెను వంటింట్ల నుంచి ముందటి అర్రలకు తెచ్చిన, హెడ్ క్లర్కుకు ఎదురుగ నిలబెట్టిన. రెండు రోజులైంది. ఆయన కుర్చీ తెచ్చుకోని నా ఎదురుంగనే కూసున్నడు, కాగితం దిక్కు చూసుకుంట. ఆమె మొదటి మాట ఏందో నాకింక తేలలే. నాలుగు రాసి నాలుగూ కొట్టేసిన.